బొమ్మల కథలు, బాలశిక్ష: బందరు సీమలో క్రైస్తవ నీతిబోధ నడచిన త్రోవ

బాలురకు నీతి నేర్పుట యన్నంతనే మనకు పుస్తకము జ్ఞప్తికి వచ్చును. చిన్నయసూరి నీతిచంద్రిక 1853వ సంవత్సరమున అచ్చయిన నాటినుండి తెలుగు బడులలో నీతి యనునది గద్యపాఠముగా నిలిచినది. కాని చదువు రాని తల్లిదండ్రుల బిడ్డకు నీతి చేరిన త్రోవ అది కాదు. వానికి కథ చెవినుండియు, బొమ్మ కంటినుండియు లోపలికి పోయినవి. నేడు బందరు, గుడివాడ, దివిసీమల క్రైస్తవ గృహములలో పిల్లలు కదలుబొమ్మల కథలను టెలివిజనులోను చేతిఫోనులోను చూచుచు, అబద్ధమాడరాదనియు, తోడివానిపై అసూయ పడరాదనియు, తండ్రి మాట మీరరాదనియు నేర్చుకొనుచున్నారు. ఈ కథలు చాలవరకు అమెరికాలో ఊహింపబడినవి. కొన్ని జపానులో గీయబడినవి. పిదప తెలుగుమాటలు తొడుగుకొని మన యింటికి వచ్చినవి. ఇవి మంచివా, చెడ్డవా యని యొక్కమాటలో తేల్చుట మా యుద్దేశము కాదు. ఇట్టి బోధ ఈ సీమకు ఎట్లు వచ్చెను, అది ఏ నీతిని చెప్పినది, ఏ నీతిని చెప్పక విడిచినది యను ప్రశ్నలను చరిత్ర వెలుగున విచారింపదలచితిమి.

బొమ్మచే ధర్మము బోధించుట ఈ నేలకు క్రొత్త గాదు. కృష్ణకు ఎగువను అమరావతి స్తూపపు రాళ్లపై వెస్సంతరుని దానకథను, ఛద్దంత గజము కథను శిల్పులు చెక్కిరి. దిగువను గుడివాడలోను, పూర్వపు దివి తాలూకాలోని ఘంటసాలలోను బౌద్ధస్తూపములుండెను. అక్షరము రాని రైతు ఆ రాళ్ల చుట్టు తిరిగి త్యాగమన నేమో కన్నులార చూచియుండును. తరువాతి కాలమున తోలుబొమ్మలవారు దీపము ముందు తెర గట్టి రామాయణ భారతములను ఆడించిరి. బందరునకు అనతిదూరమున కూచిపూడి భాగవతులు సత్యభామ గర్వమును అడచి చూపిరి. ఇక తెరమీది బొమ్మకు వచ్చినచో, తెలుగు సినిమాకు పితామహుడని పేరుగన్న రఘుపతి వెంకయ్యనాయుడు బందరున పుట్టినవాడే. వెండితెరపై శ్రీకృష్ణునకు తెలుగువారి కన్నులలో చెరగని రూపమిచ్చిన నందమూరి తారకరామారావు గుడివాడ చేరువనున్న నిమ్మకూరువాడు. కావున ఈ సీమవారు తెరమీది బొమ్మను చూచి బెదరువారు కారు, దానిని నమ్మువారు. ఈ నమ్మకము మేలునకును కీడునకును గూడ కారణము కాగలదు.

క్రైస్తవ బాలబోధ ఇచ్చట స్థిరపడినది పందొమ్మిదవ శతాబ్దము నడుమ. 1841లో చర్చి మిషనరీ సంఘము పంపగా రాబర్టు నోబులు, హెన్రీ వాట్సను ఫాక్సు అను నిరువురు ఆంగ్లేయులు మచిలీపట్టణమునకు వచ్చిరి. ఫాక్సు ఊరూర తిరిగి బోధింప బూనెను. శరీరము సహింపక కొలదియేండ్లకే మృతినొందెను. నోబులు మాత్రము 1843లో బందరున నొక పాఠశాల తెరచి, 1865లో కన్నుమూయువరకు స్వదేశమునకు మరలకయే, వివాహమాడకయే, దానినే అంటిపెట్టుకొని యుండెను. ఆ పాఠశాలయే తరువాత నోబులు కళాశాల యయ్యెను. ఆంధ్రదేశమున ఆంగ్లవిద్యకు అది తొలి దీపములలో నొకటి. అందు చదివిన వారిలో పట్టాభి సీతారామయ్యగారొకరన్న చాలును.

ఆ బడిలో దినదినమును వేదగ్రంథ పాఠము నడచెడిది. బ్రాహ్మణ, వెలమ, కమ్మ గృహముల బాలురు దానిని విని, ఇంటికేగి సంధ్యవార్చి భోజనము చేసెడివారు. 1852లో ఆ విద్యార్థులలో నిద్దరు, మంచాల రత్నము, ఐనాల భూషణము అనువారు, బాప్తిస్మము పొందిరి. రత్నము బ్రాహ్మణుడు, భూషణము వెలమ. ఊరు అట్టుడికినట్లుడికెను. బడి దాదాపు ఖాళీ యయ్యెను. మరల నిండుటకు కాలము పట్టెను. ఈ సంగతి మిషను చరిత్రలలో విజయముగా వర్ణింపబడినది. ఆ యిద్దరి తల్లులకు అది ఎట్లుండెనో యాచరిత్రలు అంతగా చెప్పవు. కాని మా విచారణకు ముఖ్యమైనది మరియొకటి. నోబులు తన బడిలో మాల, మాదిగ బాలురను చేర్చుకొనలేదు. పైకులములవారు దూరమగుదురను భయమొక్కటియే కారణమని కొందరందురు. ఆయన మాత్రము దానికొక సమర్థనమును గూడ చెప్పెను: ఇంగ్లండులో ఎంత వినయవంతుడైన క్రైస్తవుడైనను తన బిడ్డలను తన వంటవారి బిడ్డలతోను, అంట్లు తోమువారి బిడ్డలతోను కలిపి చదివింపడు గదా, బ్రాహ్మణుని నేనేల నిర్బంధింపవలయునని దాని సారాంశము. ఈ మాటలో నిజాయితీ కలదు. ఆయన తన దేశపు తారతమ్యమును దాచలేదు. కాని అందరును దేవుని బిడ్డలని ప్రతిదినమును పాఠము చెప్పు గదిలోనికి కొందరు బిడ్డలు అడుగుపెట్టరాదను నియమము నిలిచెను. పాఠము నోట చెప్పినదొకటి, బల్ల చెప్పినది మరొకటి. బాలురు రెండింటిని చూచిరి. రెంటిలో ఏది గట్టిగా మనసున నాటునో పిల్లలను పెంచిన యే గృహిణిని అడిగినను చెప్పును.

బడి గుమ్మము దాటనివారు తమ త్రోవ తాము వెదకికొనిరి. కృష్ణాజిల్లా ఎగువభాగమున రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్య యను మాల రైతు 1859లో డార్లింగు దొరచే బాప్తిస్మము పొందెను. ఆయన చేతి పుస్తకమునుండి గాక నోటి మాటనుండి ఊరి తరువాత ఊరు కదలినది. దివిసీమ మాలపల్లెలలోనికి బోధ చేరినదియు ఇట్లే. అవనిగడ్డ, వుయ్యూరు ప్రాంతములలో కెనడా బాప్తిస్టువారును పనిచేసిరి. పల్లె ఉపదేశి రాత్రివేళ లాంతరు వెలుగున పిల్లలను కూర్చుండబెట్టి పదియాజ్ఞలను వల్లె వేయించెడివాడు. నాట్లనుండి తిరిగివచ్చిన తల్లులు వెనుక కూర్చుండి బిడ్డలతోపాటు నేర్చెడివారు. పురుషోత్తమ చౌదరి వంటి వారు తెలుగు రాగతాళములలో కట్టిన కీర్తనలు వారికి పుస్తకముల కన్న చేరువయ్యెను. 1912లో దోర్నకల్లునకు బిషప్పయిన అజరయ్య ఈ పద్ధతిని మెచ్చి, పాటను, కథను, పండుగను, ఊరి ఆటను బోధకు సాధనములుగా చేసికొమ్మని ప్రోత్సహించెను. ఇచ్చట మేమొకటి గమనింపవలసి యున్నది. ఈ బోధలో చెప్పువాడు ఆ పల్లెవాడే. కథలోని తప్పిపోయిన గొఱ్ఱె, వినువారి పొలము గట్టున తప్పిపోయిన గొఱ్ఱెయే.

నోబులు చేయని పనిని ఆయన పేరు పెట్టుకొన్న కళాశాలలో పాఠములు చెప్పిన యొక బ్రహ్మసమాజికుడు చేసెను. బందరున 1862లో జన్మించిన రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు కొంతకాలము నోబులు కళాశాలలో ఉపన్యాసకులుగా నుండి, పిదప కాకినాడలో పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులై, అందు నాడు పంచములనబడిన బాలురను చేర్చుకొనిరి. స్త్రీలకును ద్వారము తెరచిరి. ఆయన బైబిలు కథను బొమ్మగా చూపలేదు, కుల మొక్క లెక్కగా చూడని బల్లను చూపెను. సంస్కారాభిమానులైన మా పాఠకులకు ఈ రెండు బోధనల భేదము విడమరచి చెప్పనక్కరలేదు.

బొమ్మ తిరిగి బోధలోనికి వచ్చినది లాంతరుతో. గాజుపలకలపై చిత్రించిన బొమ్మలను తెల్లదుప్పటిపై పెద్దవి చేసి చూపు మాజిక్ లాంతరు మిషనరీల సామానులో నుండెడిది. దాని వెంట గోడకు వ్రేలాడదీయు రంగుపటములు వచ్చినవి. తరువాత ఉన్నిగుడ్డపై అంటించి తీయుచు కథ చెప్పు కాగితపు బొమ్మలు వచ్చినవి. ఈ బొమ్మలలో ఏసుక్రీస్తు గోధుమవన్నె జుట్టుతో, యూరపు ముఖముతో నుండెను. దివిసీమ బాలుడు దేవుని ముఖమును మొదటిసారి ఆ రంగున చూచెను. వీనిలో మిక్కిలి చిన్నది, మిక్కిలి దూరము పోయినది మాటలు లేని పుస్తకము. 1866లో లండనులో స్పర్జను అను ప్రసిద్ధ బోధకుడు నలుపు, ఎఱుపు, తెలుపు అను మూడు పుటల పుస్తకమును గూర్చి ప్రసంగించెను. 1875లో అమెరికా బోధకుడు మూడీ దానికి బంగారు పుట చేర్చెను. నలుపు పాపము, ఎఱుపు క్రీస్తు రక్తము, తెలుపు శుద్ధి, బంగారము పరలోకము. అక్షరము రాని పిల్లకు ఇంతకంటె సులభమైన పాఠము లేదు. అది ఆదివారపు బడులలో నేటికిని వాడుకలో నున్నది. ఎండలో నాట్లువేసి నల్లబడిన తల్లి యొడిలో కూర్చుండి, నల్లని చేతితో ఆ పుట త్రిప్పి, నలుపనగా పాపమని యప్పగించు బిడ్డను తలచుకొన్నప్పుడెల్ల మా మనసు కలుక్కుమనును. చేసినవారు దీనిని తలపలేదు. వారి వీధిలో ఈ ప్రశ్న పుట్టలేదు. తెచ్చినవారు తలపవలసి యుండెను.

ఇక కదలుబొమ్మల చరిత్రకు వత్తము. ఇందలి తొలి కథ సముద్రములకు ఆవల జరిగినదైనను దాని వేరు కృష్ణకు ఆవలి యొడ్డుననే యున్నది. నోబులు బందరున దిగిన మరుసటి యేడు, 1842 జూలై 31న, హయ్యరు అను అమెరికా లూథరను బోధకుడు గుంటూరు చేరెను. ఆ మిషను పెరిగి 1927లో ఆంధ్ర సువార్త లూథరను సంఘమైనది. దీని పోషక సంఘము, 1918లో పలు లూథరను శాఖలు కలిసి యేర్పడిన అమెరికా ఐక్య లూథరను సంఘము. గుంటూరున బడులను, వైద్యశాలలను నిలిపిన ఆ సంఘమే తన దేశపు పిల్లలకై 1960-61 ప్రాంతమున టెలివిజనులో నొక బొమ్మల కథావళిని తలపెట్టి ఆర్టు క్లోకీ దంపతులచే చేయించెను. దాని పేరు డేవీ అండ్ గొలాయతు. డేవీ యను పదేండ్ల వయసు బాలుడును, వాని కుక్కయు నాయకులు. కుక్క మాటలాడును, డేవీకి మాత్రమే వినబడును.

ఇవి గీసిన బొమ్మలు కావు. కీళ్లు గల చిన్న బొమ్మలు. వానిని బల్లపై నిలిపి, ఒక చిత్రము తీసి, చేతిని వెండ్రుకవాసి కదిపి, మరల నొక చిత్రము తీయుచు పోవలయును. అట్టి చిత్రములు సెకండునకు ఇరువదినాలుగు వరకు తెరపై పరుగెత్తినప్పుడు బొమ్మకు ప్రాణము వచ్చినట్లు కన్ను భ్రమించును. తోలుబొమ్మలవాని పుల్ల ఇచ్చట కనబడదు, అంతే భేదము. ఒక్కొక్క కథ పావుగంట. డేవీ పెద్ద పాపములేవియు చేయడు. చెప్పిన మాట వినడు, తన తప్పును ఇతరులపై త్రోయును, చీకటికి భయపడును, చెల్లెలిని విసుగుకొనును. కథ చివర తండ్రి యొక మాట చెప్పును. దేవుని పేరు వచ్చును గాని ప్రసంగము రాదు. ఈ మితభాషణమును మేము మెచ్చుచున్నాము.

మెచ్చదగినది ఇంకొకటి కలదు. 1960వ దశకము నడుమ, అమెరికాలో నీగ్రోలని నాడు పిలువబడిన నల్లజాతివారు సమానహక్కులకై వీధులలో నడచి దెబ్బలు తినుచున్న దినములలో, ఈ కథావళిలోనికి జోనతను అను నల్లజాతి బాలుడు డేవీకి ప్రాణస్నేహితుడై వచ్చెను. వారిద్దరు కలిసి ఆడిరి, కలిసి తప్పుచేసిరి, ఒకరి యింట నొకరు తిరిగిరి. అనాటి అమెరికా టెలివిజనులో పిల్లల కథలయందు ఇట్టి చెలిమి అరుదు. అనగా ఆ సంఘము అనుదిన నీతి యనినప్పుడు తన వీధిలోని యసలు గాయమును వదలిపెట్టలేదు. కృష్ణ కావలి యొడ్డున ఆ సంఘమే నాటిన తెలుగు సంఘము నుండి గాని, ఈవలి యొడ్డున నున్న బందరు, దివిసీమల సంఘముల నుండి గాని, మన వీధి గాయముపై ఇట్టి పావుగంట కథ యొకటియు మా యెఱుకలో రాలేదు.

తరువాతి కథలను త్వరగా దాటుదము. 1993లో ఫిల్ విషరు, మైకు నవ్రాకీ యనువారు కంప్యూటరుతో చేసిన కూరగాయల కథలు, వెజిటేల్స్, వచ్చినవి. నాయకుడొక టమాటా, వాని స్నేహితుడొక కీరదోసకాయ. మన యింట పప్పులో పడవలసినవి అచ్చట నీతి చెప్పినవి. పిల్లలు విరగబడి చూచిరి. 2006లో నొక పెద్ద అమెరికా టెలివిజను సంస్థ వీనిని ప్రసారము చేయుచు దేవుని మాట వచ్చిన చోట్లను పెక్కింటిని కత్తిరించెను. కథ కుంటక నడచిపోయెను. ఈ కత్తిరింపు నీతికి మతము ఎంత యవసరమను పాతప్రశ్నను పరిహాసముగా పైకి తెచ్చినది. 2011లో విషరు తానే, పదేండ్లపాటు పిల్లలను క్రైస్తవులవలె ప్రవర్తింపుడని చెప్పితినే గాని క్రైస్తవమును చెప్పలేదని వాపోయెను. భక్తులకు ఆయన వేదన అర్థమగును. మావంటివారికి మరొక వైపు తోచును: ప్రవర్తన నేర్పుట యంత తేలికపని కాదు, అది నిజముగా నేర్పగలిగినచో వాపోవలసిన పని లేదు.

మన సీమ యిండ్లలోనికి తెలుగున వచ్చినది సూపర్ బుక్. దీని పుట్టుక విచిత్రము. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమున 1960లో పాట్ రాబర్ట్‌సను స్థాపించిన క్రైస్తవ ప్రసార సంస్థ, సీ.బీ.ఎన్., పిల్లలకై బైబిలు కథలు కావలెనని జపానులోని తత్సునోకో చిత్రశాలకు పనినొప్పగించెను. 1981లో అవి టోక్యోలో మొదట ప్రసారమైనవి. క్రైస్తవులు నూటికొక్కరు మాత్రమే యున్న దేశమున గీసిన క్రైస్తవకథలివి. ఇద్దరు పిల్లలకొక పాతగ్రంథము దొరకును. అది మాటలాడి, వారిని వారి కీలుబొమ్మ రోబోతో సహా ప్రాచీనకాలమునకు గొనిపోవును. జపాను భాషలో ఆ పిల్లల పేర్లు షో, అజుసా. ఆంగ్లమున వారు క్రిస్, జాయ్ అయిరి. 1991లో సోవియట్ దేశమున ప్రసారమైనప్పుడు పిల్లలు ఉత్తరములు వెల్లువగా వ్రాసిరి. 2011 నుండి ఇదే కథావళిని కంప్యూటరు బొమ్మలతో క్రొత్తగా చేయుచున్నారు. సంస్థకు హైదరాబాదున శాఖ కలదు. తెలుగు మాటలతో కథలు ఇంటర్నెట్టున ఎల్లరకు లభించుచున్నవి.

ఈ క్రొత్త కథల కట్టుబాటు ఇట్లుండును. మొదట క్రిస్ ఇంటనో బడిలోనో యొక చిన్నతప్పు చేయును, లేదా చేయబోవును. అంతట గ్రంథము వెలిగి, పిల్లలను యాకోబు గుడారమునకో దావీదు యుద్ధభూమికో కొనిపోవును. అచ్చట చూచినదానితో వాని మనసు మారును. తిరిగివచ్చి క్షమాపణ చెప్పును. పురాణమును తెచ్చి పిల్లవాని నేటి తగవునకు జతపరచు ఈ యుక్తి మంచి యుక్తి. మన హరికథకుడు పిట్టకథ చెప్పి ప్రధానకథను శ్రోత యింటి గడపకు చేర్చుట వంటిదే. ఐతే ఇచ్చట ఒక్క విశేషమును పాఠకులు గమనింపవలెనని కోరుదుము. జపాను నుండి అమెరికాకు పోవునప్పుడు షో క్రిస్ అయ్యెను. అచ్చటి పిల్లలు తమవానిని చూచుకొనవలెనని పేరు మార్చిరి. అమెరికా నుండి తెలుగునకు వచ్చునప్పుడు క్రిస్ క్రిస్‌గానే యుండెను. వాని యింటి వంటగది, వాని బడి, వాని చక్రాల పలక, అన్నియు అట్లే వచ్చినవి. మాట మాత్రమే తెలుగు. పురాణకాలపు భాగమున ఇది బాధింపదు. యాకోబు దేశము అందరకు పరదేశమే. అనుదిన భాగముననే చిక్కు. అనుదినమనునది ఎవరి దినము?

సొంతముగా చేసికొన్న బొమ్మ బలమెట్టిదో ఈ సీమవారు చూచియే యున్నారు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచెను. సొర్లగొంది, నాగాయలంక పల్లెలలో సముద్రము ఇండ్ల కప్పుల నెత్తున నిలిచెను. ప్రభుత్వపు లెక్కయే పదివేలకు చేరువ ప్రాణములు. మండలి వెంకటకృష్ణారావుగారి వంటి నాయకులును, రామకృష్ణ మిషను, క్రైస్తవ సేవాసంఘములు మొదలగు పెక్కు సంస్థలును శవములు తీయుటలోను ఇండ్లు కట్టుటలోను పాల్గొనిరి. మరుసటి యేడు డిసెంబరున కరుణామయుడు చిత్రము విడుదలయ్యెను. భీంసింగు దర్శకత్వమున విజయచందరు క్రీస్తు వేషము ధరించెను. ఆ చిత్రము పిదప ఇతర భారతీయ భాషలలోనికి మారి, బండ్లపై తెర మోసికొని పల్లెపల్లెకు తిరిగెను. అందు ఏసు తెలుగున మాటలాడెను, తెలుగు ముఖముతో నేడ్చెను. యూరపు రంగుపటములు నూరేండ్లు చేయలేని పనిని ఆ చిత్రము మూడుగంటలలోపల చేసెను.

ఇప్పుడు గృహము సంగతి. ఫోను చేతికిచ్చి తల్లి వంటకు లేచుట మన ఇండ్లన్నిట జరుగుచున్నదే. క్రైస్తవ గృహమొక్కటియే కాదు. పాత ఉపదేశి కథ చెప్పుచు ఆగి, వెంకటేశూ, నిన్న నీవేమి చేసితివిరా యని యడుగగలిగెడివాడు. బొమ్మ ఆగి యడుగదు. అది తన కథ ముగించి మరియొక కథకు పోవును. తెలుగు మాటలు చెప్పువారి యుచ్చారణలోను మాకొక ఫిర్యాదు కలదు. పెదవుల కదలికకు సరిపోవలెనని మాటను కుదించుటచే వాక్యము తెలుగు నడకను కోల్పోవును. తండ్రితో బిడ్డ, బిడ్డతో తండ్రి మాటలాడు తీరు ఎవరింటిదియు కాక పోవును. ఇది చిన్నలోపమే. తల్లి ప్రక్కన కూర్చుండినచో సగము తీరును.

తీరనిది మరొకటి. దివిసీమ క్రైస్తవులలో అధికులు దళితులు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకే పరిమితము చేసెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును విస్తరించిరి. క్రైస్తవుడైన దళితునకు విస్తరింపలేదు. మతము మార్చుకొన్న దళితులను మన రాష్ట్రమున వెనుకబడిన తరగతులలో సీ వర్గముగా చేర్చి నూటికొక్క పాలు ఇచ్చిరి. దాని ఫలితముగా పల్లెలలో పెక్కు కుటుంబముల పిల్లలకు రెండు పేర్లుండును: గుడిలో నొకటి, బడి రిజిష్టరులో నొకటి. ఆదివారము సమూయేలు, సోమవారము శ్రీనివాసరావు. మతమను గడిలో తండ్రి హిందువని వ్రాయించును. ఆ తండ్రి మోసగాడు కాడు. తన తాతను బావివద్దకు రానీయని సంఘము, మతము మారినంత మాత్రమున మనుమని రానిచ్చినదా యని ఆయన యడిగినచో మా యొద్ద సమాధానము లేదు. కులము వదలలేదు, హక్కు వదలినది. ఆ బాలుడు సాయంకాలము క్రిస్ కథ చూచును. అబద్ధమాడినందుకు క్రిస్ కంట నీరు పెట్టుకొని తండ్రిని క్షమింపుమని కోరును. కథ ముగియును. బాలుడు తన తండ్రి వైపు చూచును.

ఈ చూపునకు ఏ చిత్రశాలయు కథ అల్లలేదు. నిజము చెప్పుట యెంత మంచిదో చెప్పుట తేలిక. నిజము చెప్పినవానికి అన్నము తగ్గించు నియమమును గూర్చి పదేండ్ల పిల్లవానికి అర్థమగునట్లు చెప్పుట కష్టము. కష్టమైనంత మాత్రమున అసాధ్యము కాదు. డేవీ ప్రక్కన జోనతనును నిలిపినవారికి కూడ అది తేలికపని కాలేదు. మన సంఘములు పరదేశపు కథలకు తెలుగుమాటలు తొడుగుటలో చూపుచున్న శ్రద్ధలో నాలుగవపాలు ఇచ్చట చూపినను, ఆదివారపు బడిలో ఈ సంగతి నిర్భయముగా చర్చకు వచ్చును. ఇది క్రైస్తవుల పని మాత్రమే యని తప్పించుకొను వీలు మనకును లేదు. రిజిష్టరులో ఆ గడిని గీసినది దేశమంతయు.

నేర్పు లేదనుట చెల్లదు. హైదరాబాదుననే గ్రీన్ గోల్డు చిత్రశాల 2008లో ఛోటా భీమ్‌ను సృష్టించి, పరదేశపు బొమ్మల నడుమ లడ్డులు తినెడి పల్లెబాలుని దేశమందలి పిల్లలందరి చెలికానిగా చేసెను. కథయు కొఱత లేదు. 1977 ఉప్పెన పిదప తీరమున తుపాను ఆశ్రయభవనములు కట్టిరి. 1990 మే నెలలో మరల పెనుతుపాను కృష్ణా ముఖద్వారమునకు వచ్చినప్పుడు వేలకొలది జనులను ముందుగా ఖాళీ చేయించి పక్కా కట్టడములలోనికి చేర్చిరి. అట్టి రాత్రి యొక గదిలో కమ్మ రైతు భార్య, అగ్నికులక్షత్రియ జాలరి, మాలపల్లె సమూయేలు, వాని తండ్రి, ఒక మంచినీళ్ల కుండ, ఒకటే గ్లాసు. ఎవరు ముందు త్రాగవలెను, గ్లాసు ఎవరు కడుగవలెను, పేరేమి యని యెవరైన అడిగినచో బాలుడు రెండు పేర్లలో ఏది చెప్పవలెను. వెలుపల గాలి హోరు. పావుగంట చాలును.